ఎగిడియుస్ గురువుగారి నల్ల బొమ్మలు

ఎగిడియుస్ గురువుగారికి దైవభక్తి లేదని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. ఉంది, బోలెడంత ఉంది. కాకపోతే ఆ దేవుడు రాగిరేకు మీద చెక్కి, మంచి కాగితం మీద, రేకు అరగకముందు తీసిన అచ్చులో ఉండాలి. గుడిలో కొయ్యశిలువ మీదున్న ప్రభువుకి ఆయన నడుస్తూ నడుస్తూనే ఓ దణ్ణం పడేసేవారు. ఇంట్లో బొమ్మల పుస్తకంలో ఉన్న ప్రభువుని మాత్రం ఊపిరి బిగబట్టుకుని చూసేవారు. భక్తితో అనుకునేరు! ఊపిరి తడికి కాగితం ఉబ్బుతుందని.

మైన్ నది ఒడ్డున ఐషెన్‌బర్గ్ పెద్దగుడిని నడిపే గురువుల సభలో ఆయనొకరు. ఆ సభలో ఒక్కొక్కరిదీ ఒక్కో పిచ్చి. ఒకరికి వేటకుక్కలు, ఒకరికి ద్రాక్షసారా, డీట్‌మార్ గురువుగారికి పక్కింటి గొడవలు. మన ఎగిడియుస్ గారికి పుస్తకాలూ అచ్చుబొమ్మలూ. వెనిస్‌లో అచ్చయిన గ్రీకు పుస్తకాలు తెప్పించి, నూరెంబర్గ్‌లో తెల్లటి పందితోలు అట్టలు వేయించి, మూలలకి ఇత్తడి గుబ్బలు కొట్టించి అలమరలో నిలబెట్టేవారు. ఆయనకి గ్రీకు ఒక్క ముక్క రాదు. రాకపోతేనేం, పుస్తకానికి వచ్చుగా!

చదువుకున్న పెద్దమనుషుల ఆనవాయితీ ప్రకారం ప్రతి పుస్తకం మొదటి పుటలోనూ వంకరలు తిప్పిన అక్షరాలతో రాసుకునేవారు: ‘ఇది ఎగిడియుస్‌ది, అతని స్నేహితులది.’ ఆ స్నేహితులెవరో ఊళ్ళో ఎవరికీ తెలీదు. అలమర దరిదాపులకి ఎవరొచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒకటే.

“చేతులు కడుక్కున్నావా?”

కడుక్కున్నా ముట్టనిచ్చేవారు కాదు, అది వేరే సంగతి. వచ్చినవాడు రెండడుగుల దూరంలో నిలబడి, ఆయన పుట తిప్పినప్పుడల్లా ‘ఆహా’ అనేసి, చన్నీళ్ళకి కొంకర్లు పోయిన చేతులు రుద్దుకుంటూ ఇంటికి పోవాలి.

ఆ ఇంట్లో ఒట్టీలియా వంటమనిషి. ‘వంటమనిషి’ అనేటప్పుడు ఊరంతా ఓసారి దగ్గేది. ఆమె ఆ గడప తొక్కినప్పుడు పడుచుపిల్ల, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఆయన జ్వరాలకి కషాయం కాచింది, ఆయన కీళ్ళవాతానికి మేకకొవ్వు రాసింది, చలికాలం పక్క వెచ్చగా ఉంచింది. గురువులకి పెళ్ళి కూడదు కనక సభలో ప్రతివారూ ఏడాదికోసారి బిషప్పు కచేరీకి జరిమానా కట్టేసి, మళ్ళీ ఏడు దాకా నిశ్చింతగా పాపం చేసుకునేవారు. జనం కూడా ఆ దగ్గు దగ్గడం తప్ప ఆ సంగతి పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు.

ఆమెకి సొంతమంటూ ఉన్నది ఒక ఓక్ కర్ర పెట్టె. దాని మూత లోపలివైపు ఓ అచ్చుబొమ్మ ఉంది. ఊరిగోడ పక్కన బిడ్డనెత్తుకుని కూర్చున్న మరియమ్మ, నడుముకి తాళాలగుత్తి. ఆమె వచ్చిన మొదటి ఏడాది ఆయనే తెచ్చారు. “ఈ బొమ్మలు నాకు రెండు దొరికాయి ఒట్టీ. చూడు, అచ్చం నువ్వే. ఆ తాళాలు చూడు!” అంటూ పిండిజిగురు తనే కాచుకొచ్చి, మూతకి అంటించి, అరచేత్తో నిమిరారు. తర్వాత ఆమె మెడ కూడా నిమిరారు. ఆ రోజు ఎవరి చేతులు ఎవరు కడుక్కున్నారో ఎవరూ అడగలేదు. ఆ పూట సంగతి ఒట్టీలియా ఇన్నేళ్ళైనా మర్చిపోలేదు.

ఆ ఏడు వేసవిలో సభకి పెద్దగా ఉన్న ముసలాయన కాలం చేశాడు. గుడి పెత్తనం ఎవరికిస్తారా అని గురువులందరూ కన్నీళ్ళు తుడుచుకుంటూనే మెడలు సాచారు. ఎగిడియుస్ పుణ్యపురుషుడి పండుగ రోజున తను ఐషెన్‌బర్గ్ వస్తాననీ, ఎగిడియుస్ గారింట భోంచేసి, పేరు విన్న ఆ బొమ్మల పుస్తకాన్ని కళ్ళారా చూస్తాననీ బిషప్పు గారు కబురంపారు. ఇంకేముంది, పెత్తనం చంకలో పడ్డట్టే అనుకున్నారు గురువుగారు. బిషప్పు ముందు మోకరిల్లాలంటే మోకాళ్ళు వంగాలి కదా, అందుకని కీళ్ళవాతానికి వేడినీళ్ళ బుగ్గల్లో మునగడానికి బయల్దేరారు.

వెళ్తూ అలమర తాళం ఆమె చేతిలో పెట్టారు. “చెమ్మ పట్టకుండా పుస్తకాలు గాలికి పెట్టు. ఎండ తగలకూడదు. ఇదిగో, ముట్టుకునే ముందు...”

“కడుక్కుంటాలెండి అయ్యగారూ. వెళ్ళిరండి.”

ఆయన అటు వెళ్ళారో లేదో, ఇటు చేపల బజారులో కథ మొదలైంది. చేపలమ్మే మనిషి ఓ బురదచేపని తూస్తూ అంది: “ఏమమ్మా ఒట్టీలియా, మీ గురువుగారి బొమ్మలన్నీ ఒట్టి నల్లవేనటగా? అన్ని డబ్బులు పోసి కొని, రంగులేయించడానికి చేతులు రాలేదా పాపం? మా ఇంటి తలుపు మీదున్న క్రిస్టఫర్ స్వామి బొమ్మకే ఎర్రదుప్పటి ఉంది!”

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఒట్టీలియాకి తల కొట్టేసినట్టయింది. నిజమే కదా! ఆ ఊళ్ళో ఏ అచ్చుబొమ్మైనా రంగుల కుంచె కిందనుంచి రాకుండా ఇంట్లోకి రాదు. పేకముక్కలకి రంగు, పంచాంగంలో చంద్రుడికి రంగు, ఉరి తీసిన దొంగ బొమ్మకి కూడా రంగు. నల్లగా వదిలేస్తే సున్నం కొట్టని గోడ కింద లెక్క. అంత పెద్ద బిషప్పు వచ్చి, సగంలో ఆగిపోయిన బొమ్మలు చూసి, ‘వీడికి ఇదే పూర్తి చేయడం చేతకాలేదు, గుడేం చూసుకుంటాడు’ అనుకుంటే? మా పిచ్చిమారాజుకి ఏదీ పట్టదు, అనుకుందామె. ఆ పుణ్యపురుషుడి పేరే ఆయనకి పెట్టారు కనక ఆయన పేరుపండుగ కూడా అదే రోజాయె. చెప్పకుండా చేయించి ముందు పెడితే ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుని ఆ రాత్రి నిద్రలో కూడా నవ్వుకుంది.

బాతు ఈకలమ్మి దాచుకున్న డబ్బంతా తీసి, గుడివెనక వీధిలో రంగులద్దే లీన్‌హార్ట్‌ని పిలిపించింది. అతను పుటలు తిప్పి నొచ్చుకున్నాడు.

“అయ్యయ్యో, ఇన్నేళ్ళూ ఇలా గాలికొదిలేశారేమిటమ్మా? జెరోమ్ స్వామిని చూడండి, పొయ్యిగుడ్డలా ఉన్నాడు.”

“చవకరంగు వెయ్యకు లీన్‌హార్ట్. బిషప్పు గారు చూస్తారు.”

“మీ గురువుగారికి చవకరంగు వేస్తానా! సింహానికి పసుపు, దయ్యాలకి పచ్చ, ఆడవాళ్ళకి నీలం. మనిషన్నవాడికల్లా బుగ్గలు. బుగ్గలు లేనిదే బొమ్మకి ప్రాణం రాదమ్మా.”

అన్నట్టే వేశాడు. మహానుభావుడు ఎవర్నీ వదల్లేదు. శిలువ కింద కుప్పకూలి ఏడుస్తున్న మరియమ్మకి కూడా తిరణాలకి బయల్దేరినట్టు రెండు గులాబీ బుగ్గలు పెట్టాడు. పని ముగించి, మిగిలిన ఎర్రరంగుని చిన్న మట్టిగిన్నెలో పోసి ఆమెకిచ్చాడు. “మీ పెట్టెలో ఒకటుందన్నారుగా, దానికి మీరే వేసుకోండి.” తన దానికి తర్వాత చూద్దాంలే అని ఒట్టీలియా ఆ గిన్నెని వంటింటి కిటికీలో పెట్టింది. ఆడవాళ్ళ సొంత పనులన్నీ తర్వాతే.

గురువుగారు పండుగకి ముందురోజు సాయంత్రం వానలో దిగారు. గాలి తడిగా ఉంది, చేతులకి కళ్ళేల వాసన పట్టింది, కాబట్టి పుస్తకం తెరవలేదు. అట్ట వంక చూసి ముద్దు విసిరారు. చారు తాగుతూ కూర్చున్నారు. ఒట్టీలియా నవ్వు ఆపుకుంటూ ఎదురుగా నిలబడింది.

“చారు బ్రహ్మాండంగా ఉంది ఒట్టీ. రేపు చూడు తమాషా! బిషప్పు గారు పుస్తకం తెరుస్తారు. వట్టి నలుపు, తెలుపు. ఒక్క నల్లగీతతో వెలుగెలా పుట్టించాడో, వెంట్రుక పక్కన వెంట్రుక ఎలా చెక్కాడో చూసి డీట్‌మార్ గాడు కుళ్ళి చావాలి. వాడింట్లో ఉన్నాయి చూశావా, పల్లెటూరి గొల్లవాళ్ళకిలా రంగు పూసినవి! మంచి అచ్చు మీద రంగు వెయ్యడమంటే ఏమిటో తెలుసా? తెల్లద్రాక్షసారాలో పాలు పోసుకోవడం. గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!”

ఒట్టీలియా గరిటె గిన్నెలో వదిలేసింది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి, రాత్రికి రాత్రి ఆ పుస్తకం దాచేసి ఏదో ఒకటి సర్దుకోవచ్చు.

“అయ్యగారూ, ఆ పుస్తకం సంగతి...”

“ముట్టుకోకు! ఆ, ఇంకోమాట, మర్చిపోయేవాణ్ణి.” రొట్టెముక్క చారులో ముంచారు. “పెత్తనం వస్తే ఇంట్లో వయసులో ఉన్న వంటమనిషి ఉండకూడదని బిషప్పు గారి కొత్త ఆజ్ఞ. అరవై దాటినదైతే ఫరవాలేదట. నువ్వేమో ఇంకా... అంచేత మీ అన్నయ్య ఊరికి కబురు పెట్టించాను. ఎల్లుండి పొద్దున్నే బండి వస్తుంది. నీకు ఓ బాతుల జత ఇస్తాలే. ఇంకాస్త చారు పొయ్యి.”

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. ఈయన ఇంకా ఒడ్డునుండగానే నిప్పెట్టాడు. అన్నయ్య ఊళ్ళో వదిన ఉంది, ఆ వదినకి ఒక పందులదొడ్డి ఉంది, ‘గురువుగారి ముండ’ అన్న మాట ఆమె నోట్లో ఇరవై ఏళ్ళుగా నానుతోంది. ఒట్టీలియా గిన్నెలో ఉన్న చారంతా ఆయనకే పోసింది.

“పుస్తకం సంగతేదో అన్నావు?” అన్నారాయన మూతి తుడుచుకుంటూ.

“చెమ్మేమీ పట్టలేదని,” అంది ఒట్టీలియా.

మర్నాడు బిషప్పు గారు వేంచేశారు. గుండ్రటి మొహం, నిద్రమత్తు కళ్ళు, మంచి ఆకలి. వాలుగ చేప, బాతు, ఆల్‌బుకరా పళ్ళ పులుసు అన్నిటినీ సమానంగా ఆశీర్వదించారు. భోజనాలయ్యాక వెండిపళ్ళెంలో నీళ్ళొచ్చాయి. బిషప్పు చేత చేతులు కడిగించిన మొదటి మనిషి బహుశా మన గురువుగారే. సభవారందరూ చుట్టూ మూగారు. ఒట్టీలియా వంటింటి తలుపు సందులోనుంచి చూస్తోంది. గురువుగారు బొమ్మల పుస్తకాన్ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టి, కళ్ళు మూసుకుని, పుట తిప్పారు.

ఎవరూ మాట్లాడలేదు. భక్తిపారవశ్యమనుకుని ఆయన కళ్ళు తెరిచారు. ఎదురుగా జెరోమ్ స్వామి, తప్పతాగినవాడిలా ఎర్రబుగ్గలతో. పక్కన గుడ్డుసొనలాంటి సింహం. ఇంకో పుట తిప్పారు. పచ్చదయ్యాలు. ఇంకోటి. ఇంకోటి. డీట్‌మార్ గురువుగారి మొహం చూడాలి, పేరుపండుగ ఆయనదే అనుకుంటారు ఎవరైనా.

అప్పుడు బిషప్పు గారు బల్లమీద చరిచారు.

“ఆహా! అద్దీ బొమ్మంటే! ఏ ఊరెళ్ళినా పెద్దమనుషులంతా మసిబొగ్గుల్లాంటి నల్ల బొమ్మలు చూపించి చంపుతున్నారు. ఏదో తెలిసినట్టు తలూపి తలూపి నా మెడ పడిపోయిందనుకో. ఇదిగో, ఈ సింహం! ఎంత పసుప్పచ్చగా ఉంది! దీన్ని చూస్తే కడుపు నిండుతోంది. మీరేమంటారు?”

సభవారేమంటారు? భోజనాల దగ్గర నల్లగీతల గొప్పతనం గురించి పొర్లి పొర్లి చెప్పినవాళ్ళే, “పసుపులో ఓ వేదాంతముంది ఏలినవారూ” అన్నారు.

బిషప్పు గారు పుస్తకాన్ని మొదటికి తిప్పారు. వంకర అక్షరాలు వేలితో కూడబలుక్కుంటూ చదివారు. “‘ఇది ఎగిడియుస్‌ది, అతని స్నేహితులది.’ ఎంత మంచి మాట రాశావయ్యా! మరి మనం స్నేహితులమే కదా ఎగిడియుస్?”

కాదంటే పెత్తనం పోతుంది. అవునంటే పుస్తకం పోతుంది. గురువుగారు కక్కలేక మింగలేక, “అంతకంటే... భాగ్యమా...” అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే బిషప్పు సేవకుడు పుస్తకాన్ని గుడ్డలో చుట్టేశాడు.

“ఇక పెత్తనం మాట,” అన్నారు బిషప్పు గారు గుమ్మంలో గుర్రమెక్కబోతూ. “వెంట్రుక వెంట్రుకకీ రంగు వేయించేంత సున్నితమైన మనసు నీది. నిన్ను తీసుకెళ్ళి గుడికప్పు కారడాలూ, కౌలుదార్ల తగాదాలూ నెత్తిన పెడితే నాకు పాపం తగలదూ? అవి మన డీట్‌మార్ చూసుకుంటాడులే. గొడవలంటే అతనికి ఇష్టం.”

గుర్రాల చప్పుడు వంతెన దాటేదాకా ఎగిడియుస్ గారు వంచిన నడుం ఎత్తలేదు. ఎత్తాక తిన్నగా వంటింట్లోకొచ్చారు.

“ఎవడే చేసింది? ఎవడా రంగులోడు? వాడి చేతులు విరగ్గొట్టిస్తాను!”

“వాడు కూలికి చేశాడు. చేయించింది నేను. మీ పేరుపండుగకని,” అంది ఒట్టీలియా బాతు ఎముకలు ఏరుతూ. “మిమ్మల్ని బజార్లో నవ్వుతుంటే చూళ్ళేక, నా ఈకల డబ్బులు పెట్టి చేయించాను.”

“ఇరవై ఏళ్ళే! ఇరవై ఏళ్ళు పోగుచేసుకున్నది ఒక్కరోజులో గంగపాలు చేశావు కదే!”

“నావీ ఇరవై ఏళ్ళే అయ్యగారూ. మీరు ఒక్క గిన్నె చారు తాగేలోపు చేశారు.”

ఆ మాట ఆయన చెవిదాకా వెళ్ళిందో లేదో. “రేపటి బండి రానీ, ఎక్కి పో! నీ మొహం నాకు చూపించకు!” అని అరిచి మెట్లెక్కి తలుపేసుకున్నారు. పెత్తనం లేదు కనక ఇప్పుడు ఆమెని ఏ ఆజ్ఞా పొమ్మనడం లేదన్న సంగతి పాపం కోపంలో ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బండి వచ్చి వాకిట్లో నిలబడింది. ఒట్టీలియా తెల్లవారకముందే రొట్టెలు కాల్చి పెట్టింది, అలవాటు చావదు కదా. పెట్టెని వంటింటి మధ్యకి లాగి, మూత తెరిచి, ఉన్న నాలుగు బట్టలూ సర్దుతోంది. మెట్లమీద ఆయన అడుగుల చప్పుడైంది. ఎంత పిచ్చిదంటే, ఆ చప్పుడుకి ఆమె గుండె ఇంకా కొట్టుకుంది. ఆగమనడానికే వస్తున్నాడు అనుకుంది. ఒక్కమాట అంటే చాలు, పెట్టె తిరిగి లోపలికి తోసేద్దామనుకుంది.

ఆయన గుమ్మంలో ఆగిపోయారు. చూపు ఆమె మీద లేదు, మూత మీద ఉంది. ఊరిగోడ, బిడ్డ, తాళాలగుత్తి. నలుపూ తెలుపూ. ఆ ఇంట్లో, బహుశా ఆ ఊళ్ళోనే, మిగిలిన ఒకే ఒక్క నల్లబొమ్మ.

“ఒట్టీ,” అన్నారు. “మూత... ఆ మూత ఒక్కటీ ఇచ్చి వెళ్ళవే.”

ఒట్టీలియాకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

“మూతలేని పెట్టె నేనేం చేసుకోను?”

“కొత్త పెట్టె కొనిస్తాను. రెండు కొనిస్తాను! దాని విలువ నీకు తెలీదే. రేకు అరగకముందు తీసింది, ఒక్క గీత చెదరలేదు. పిండిజిగురు, ఊడదీస్తే చిరుగుతుంది. అందుకే మూత అడుగుతున్నాను. స్నేహితుల మధ్య...”

“నా పెట్టె మీద స్నేహితులదని ఎవరూ రాయలేదు.”

ఆమె లేచింది. కిటికీలోని మట్టిగిన్నె తీసుకుంది. ఎండిపోయిన ఎర్రరంగులో ఉమ్మేసి, చూపుడువేలితో తీరిగ్గా కలిపింది.

“ఈ తల్లి కొంగుకి ఇంకా ఎరుపు వెయ్యలేదండీ. బుగ్గలు కూడా లేవు. మీ బిషప్పు గారు చూస్తే ఏమనుకుంటారు?”

ఎర్రటి వేలు మూత దాకా వెళ్ళింది. గురువుగారు దబ్బున మోకాళ్ళ మీద పడ్డారు. బిషప్పు కోసం బాగుచేయించుకున్న మోకాళ్ళు, ఖర్చు వృథా కాలేదు, చక్కగా వంగాయి.

“వద్దే! నీ కాళ్ళు పట్టుకుంటాను! ఏం కావాలో చెప్పు!”

“నాకేం కావాలో ఇన్నేళ్ళకి అడిగారు,” అంది ఒట్టీలియా. అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు. ముక్కు చీదుకుని, వేలు మాత్రం అక్కడినుంచి తియ్యకుండా, చెప్పింది. “మూత పెట్టెతో ఉంటుంది. పెట్టె నాతో ఉంటుంది. నేనెక్కడుండాలో మీరు చెప్పండి.”

ఆయన ఆలోచించారు. అవును, ఆలోచించారు! ఆమె వంక చూసి, బొమ్మ వంక చూసి, మళ్ళీ ఆమె వంక చూశారు. ఆ రెండోసారి ఆమె మొహం మీద చూపు కొంచెంసేపు ఆగింది. ఎందుకాగిందో ఆయనకే తెలియాలి.

“పైగదిలో,” అన్నారు చివరికి. “అలమర ఉన్న గదిలో. బండివాణ్ణి పొమ్మంటాను.”

“పొమ్మనే ముందు పెట్టెకి ఓ చెయ్యి వెయ్యమనండి. రెండో చెయ్యి మీదే.”

ఓక్ కర్ర పెట్టె మోయడం గ్రీకు పుస్తకం మోయడంలా ఉండదు. ఐషెన్‌బర్గ్ పెద్దగుడి గురువు ఒకరు తన వంటమనిషి పెట్టెనెత్తుకుని మెట్లెక్కుతూ ఆయాసపడటం ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. మధ్యాహ్నానికి చేపల బజారు మొత్తం చూసినట్టే చెప్పుకుంది. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో ‘వంటమనిషి’ అన్నప్పుడు ఎవరూ దగ్గలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పూజ కాగానే గురువుగారు పైగది ముందుకొచ్చి తలుపు తట్టేవారు. ఎర్రరంగు గిన్నె లోపల కిటికీలోనే ఉంది. దాన్ని పారేయమని ఆయన ఒకటి రెండుసార్లు మెల్లిగా అడిగి చూశారు. ఉండనివ్వండి అయ్యగారూ, ఎప్పుడేం అవసరమొస్తుందో అంది ఆమె.

తలుపు ఓరగా తెరుచుకునేది.

“చేతులు కడుక్కున్నారా?”

“కడుక్కున్నాను ఒట్టీ.”

“ఏవీ, చూపించండి.”

ఆయన తడిచేతులు రెండూ ముందుకు చాచి, ఆమె సరేననే దాకా గుమ్మంలో నిలబడేవారు.